ఫ్లైఓవర్ ఎక్కిన రొట్టెల బండి

భూలక్ష్మి రొట్టెల బండి ఫ్లైఓవర్ ఎక్కిందన్న సంగతి అందరికన్నా ఆఖరున తెలిసింది భూలక్ష్మికే. అప్పటికే ఆ సంగతి కంప్యూటర్‌కు తెలుసు, పెద్ద ఆఫీసుకు తెలుసు, యజ్ఞనారాయణగారి ఎర్ర పెన్నుకు తెలుసు. ఎక్కించిన జ్యోత్స్నకు మాత్రం తానే ఎక్కించానని తెలియదు.

సోమవారం పొద్దున జ్యోత్స్న మంచి హుషారుగా పనిలో కూర్చుంది. కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక బిల్డింగులో కింద చెప్పుల దుకాణం, దాని పైన పళ్ళ డాక్టరు, ఆ పైన వాళ్ళ చిన్న సర్వే ఆఫీసు. చేతిలో ఉన్న పని కూడా మంచి పనే. ఐటీ కంపెనీల వెనక సందుల్లో తోపుడు బండ్లు పెట్టుకుని బతికేవాళ్ళకు ఒక జోన్ ఇస్తున్నారు. ఎవరి బండి ఎక్కడుందో ఫొటోతో సహా చూపిస్తే ఆ చోటు వాళ్ళ పేరున రాసి కార్డు ఇస్తారు. ఆ తర్వాత ఎవరూ వచ్చి లెమ్మనడానికి ఉండదు. మొత్తం నలభై ఒక్క బండ్లు. ఒక్కో బండికి నాలుగేసి ఫొటోలు.

ఫొటోగ్రాఫర్ సాయిలు మూడు సాయంత్రాలు తిరిగి తీసిన నూట అరవై నాలుగు ఫొటోలూ కార్డులోంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి దిగాయి. వెలుతురు సరిచేసి, వంకరలు తీసి, నంబర్లు వేసి, ప్రతి ఫొటో కింద అది తీసిన చోటు వచ్చేలా పేజీలు కట్టడం జ్యోత్స్న పని. మొదటి ఫొటో తెరిచింది. కొబ్బరి బోండాల బండి, ఎంత ముచ్చటగా తీశాడో. తీరా చూస్తే లొకేషన్ ఉండాల్సిన గడి ఖాళీ. రెండోదీ ఖాళీ. మ్యాప్ తెరిచింది. హైదరాబాదు మొత్తం ఉంది కానీ నలభై ఒక్క బండ్లలో ఒక్కటీ లేదు.

అన్నీ తీసేసి మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ ఖాళీయే. ఫొటోలు తెచ్చుకునేటప్పుడు లొకేషన్ వదిలేయమని ఎక్కడైనా టిక్కు పెట్టి ఉందేమోనని సెట్టింగులన్నీ గాలించింది. లేదు. కిందటి నెల ఫోన్‌తో తీసిన నమూనా ఫొటోలు వేసి చూసింది. అవి బుద్ధిగా వెళ్ళి మ్యాప్ మీద కూర్చున్నాయి. అంటే సాఫ్ట్‌వేర్ సుబ్బరంగానే ఉంది, ఫొటోలే చోటు మరిచిపోయి వచ్చాయి. సాయిలుకు ఫోన్ చేసింది.

"సాయిలన్నా, ఫొటోలల్ల లొకేషన్ వస్తలేదు."

"నా కెమెరాకు ఆ విద్య రాదు బిడ్డా. పాతది. ఎక్కడున్ననో దానికి తెల్వది. గందుకే జేబుల ఫోన్ పెట్టుకొని, ఆఫీసోళ్ళు చెప్పిన యాప్ ఆన్ చేసుకొని తిరిగిన. నడిచిన తొవ్వంత అండ్ల రాసి ఉంటది. పంపిస్తున్న, చూడు."

వచ్చిన ఫైలు చూడగానే జ్యోత్స్నకు కిటుకు అర్థమైంది. ఫొటో ఎప్పుడు తీశామో కెమెరాకు తెలుసు, ఎక్కడ తీశామో తెలియదు. ఏ నిమిషానికి ఎక్కడున్నామో ఫోన్‌కు తెలుసు, ఏం తీశామో తెలియదు. రెంటికీ పెళ్ళి చేస్తే సరి, ముహూర్తం కలవాలి అంతే. ఆ మీట సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నొక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత సందుల వెంబడి ఎర్ర పిన్నులు టపటపా వాలాయి. జ్యోత్స్న కుర్చీలోనే చప్పట్లు కొట్టింది.

చప్పుడుకు యజ్ఞనారాయణగారు లేచి వచ్చారు. ఆయనది తణుకు. సర్వే శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరై, ఈ ఆఫీసులో మేనేజరుగా కుదిరారు. మనుషులను నమ్ముతారు కానీ కాగితం చూశాక నమ్ముతారు.

"వచ్చాయా అమ్మా? బాగుంది. అన్నీ సరిచూశావుగా?"

"చూసిన సార్. అన్నీ రోడ్డు మీదనే ఉన్నయి."

రోడ్డు మీదే ఉన్నాయన్న మాట అబద్ధం కాదు. ఏ రోడ్డన్నది ఆమె మ్యాప్ దగ్గరకు లాగి చూడలేదు. ప్రతి పేజీ అడుగున 'చోటు సరిచూసినది' అని అచ్చయి, కింద గీత ఉంది. పెద్ద ఆఫీసుకు వెళ్ళే కాగితం మీద తన సంతకం పడటం అదే మొదలు. నలభై ఒక్క సార్లూ గుండ్రంగా, ముచ్చటగా చేసింది.

మంగళవారం సాయంత్రానికి పెద్ద ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. పదకొండు బండ్లు జోన్‌కు బయట ఉన్నాయి, జాబితా నుంచి తొలగించండి అని. యజ్ఞనారాయణగారు స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో పదకొండు పేర్లు నీటుగా కొట్టేశారు. ఏ పేరు మీదా గీత వంకర పోలేదు.

బుధవారం పొద్దున పదిన్నరకు ఒక నలభై అయిదేళ్ళావిడ మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో ఆగి, ఊపిరి తీసుకుంది. ముక్కుపుడక, గట్టి చేతులు, మణికట్ల మీద ఎంత కడిగినా పోని జొన్నపిండి తెలుపు.

"ఈడ జ్యోత్స్న ఎవలు?"

"నేనే అక్కా."

"నువ్వేనా? చిన్నపిల్లవు గదనే!" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేను భూలక్ష్మిని. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రొట్టెల బండి నాదే. నేను ఫ్లైఓవర్ మీద రొట్టెలు చేస్తున్ననని నువ్వు సంతకం పెట్టినవట. మా బండ్ల గ్రూపుల చదివి చెప్పిన్రు. గంత ఎత్తుల పొయ్యి ఎట్ల పెట్టిన్నో జర నాక్కూడ చెప్పు బిడ్డా."

పక్క టేబుళ్ళ దగ్గర నవ్వారు. భూలక్ష్మి కూడా నవ్వింది కానీ కొంగు చివర మడుస్తూ, విప్పుతూ ఉంది. జ్యోత్స్న అది చూసింది. గబగబా మ్యాప్ తెరిచి, ఈసారి దగ్గరకు లాగింది. ముప్పై ఎనిమిదో నంబరు పిన్ను కొత్తగూడ ఫ్లైఓవర్ నడిమధ్యన, రెండు వైపులా కార్లు పోయే చోట నిలబడి ఉంది.

"పదకొండేండ్ల సంది ఒక్కటే జాగ," అంది భూలక్ష్మి. "లేపినోళ్ళు లేపిన్రు, మళ్ళ అండ్లనే కూసున్న. ఇప్పుడు కాయితం ఇస్తం రమ్మని పిలిచి, కాయితం మీదకెల్లి లేపుతున్నరు."

యజ్ఞనారాయణగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "చూడమ్మా, నాకేమన్నా కక్షా? రికార్డులో అలా ఉంది. రికార్డు ప్రకారం నడవాలి కదండీ."

"మీరు నడువుండ్రి సారు. నేను పొయ్యి ముందట కూసునేదాన్ని, నడిస్తె రొట్టె మాడిపోతది."

ఆయన ఆ మాటకు నొచ్చుకోలేదు. శుక్రవారం సాయంత్రం అయిదింటి లోపు రుజువుతో అభ్యంతరం పంపితే మళ్ళీ చూస్తారని చెప్పారు. కొత్తగా ఫొటో తీసుకుంటే పోదా అంటే పోదు, సర్వే జరిగిన మూడు రోజుల్లో తీసినవే చెల్లుతాయి. భూలక్ష్మి అంతా విని, జ్యోత్స్న వైపు తిరిగింది.

"నువ్వు ఎక్కించినవ్, నువ్వే దింపాలె బిడ్డా," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం జ్యోత్స్న టిఫిన్ డబ్బా తెరవలేదు. సంతకం చేసిన పేజీలు ముందు పెట్టుకుంటే సిగ్గేసింది. అంత గుండ్రంగా చేయడమెందుకు, చూడకుండా చేయడమెందుకు! కొట్టేసిన పదకొండూ వరుసగా రాసుకుంది. ఒకటి ఫ్లైఓవర్ మీద, రెండు కంపెనీ కాంపౌండ్లలో, ఒకటి పెట్రోలు బంకులో, మిగతావి బాలానగర్ వెళ్ళే దారి పొడవునా. మూడు సాయంత్రాల్లోనూ ఆఖరున తీసినవే దారి తప్పాయి. నాలుగు, నాలుగు, మూడు. రోజూ పొద్దుగూకే వేళకే వీటికి ఏమవుతోంది?

సాఫ్ట్‌వేర్‌లో దేశం టైము చూసింది, సరిగ్గానే ఉంది. ఫోన్ ఇచ్చిన దారి చూసింది, ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది ఒక్కటే. భయపడుతూనే సాయిలుకు ఫోన్ చేసింది.

"సాయిలన్నా, ఏమనుకోకు. నీ కెమెరాల టైము కరెక్టేనా?"

అవతల స్కూటర్ ఆగిన చప్పుడైంది.

"ఏందన్నవ్?"

"అంటే, కొంచెం ముందు వెనక..."

"ముప్పై ఒక్క ఏండ్ల సంది పెండ్లిళ్ళు తీస్తున్న బిడ్డా. పెండ్లికొడుకు లేటొచ్చిండు, పంతులు లేటొచ్చిండు, సాయిలు మాత్రం లేటు రాలె. ఫొటో బాగ లేదను, పడత. వెలుతురు తక్కువైందను, పడత. నా టైము జోలికి మాత్రం రాకు."

ఫోన్ పెట్టేశాడు. తండ్రి వయసు మనిషి. జ్యోత్స్నకు చెవులు వేడెక్కాయి. ఆ ప్రశ్న మళ్ళీ అడగకూడదని అనుకుంది.

సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా బండ్ల సందుకు నడిచింది. ఫోన్‌లో పిన్నులు చూసుకుంటూ ఒక్కో బండి దగ్గరా ఆగుతుంటే ఇంకో సంగతి బయటపడింది. కొబ్బరి బోండాలాయన పిన్ను మొబైల్ కవర్లు అమ్మేచోట ఉంది. మొబైల్ కవర్ల పిన్ను మిర్చీబజ్జీల దగ్గర ఉంది. మిర్చీబజ్జీలు పోయి పానీపూరి చోట నిలబడ్డాయి. తప్పిపోయినవి పదకొండు కాదు, నలభై ఒక్కటీ. మిగతా ముప్పై జోన్ దాటకుండా పక్కవాళ్ళ చోట్లో నిలబడ్డాయి కాబట్టి ఎవరికీ దొరకలేదు. రేపు కార్డులిచ్చే రోజున సందులో పెద్ద పంచాయితీ అయ్యేది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకు చేరేసరికి ఏడు కావస్తోంది. భూలక్ష్మి చుట్టూ మెడలో ఐడీ కార్డులు వేసుకున్నవాళ్ళు అరడజను మంది. ఆమె వేడినీళ్ళు పోసి తడిపిన పిండి ముద్దను పీట మీద అరచేతి మడమతో రుద్ది, గుండ్రంగా చేసి, రెండు చేతులా తట్టడం మొదలుపెట్టింది. తట్టే కొద్దీ రొట్టె తనంతట తానే తిరుగుతూ పెద్దదవుతోంది. పెనం మీద పడేసి, తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడిచి, తిరగేసింది. మంట మీద పెట్టగానే అది ఊపిరి పీల్చుకున్నట్టు పొంగింది.

"దింపినవా?" అంది, తల ఎత్తకుండానే.

"ఇంకా లేదక్కా. దారి దొరుకుత లేదు."

"దొరుకుతది తియ్. మొదలు తిను, మొఖం జూడు ఎట్ల గుంజుకుపోయిందో."

రొట్టె, దాని మీద ఎల్లిపాయ కారం, పక్కన పాలకూర పప్పు. జ్యోత్స్న పేవ్‌మెంట్ మీదే కూర్చుని తింది. మొదటి ముద్దకే కళ్ళు చెమర్చాయి, సగం కారానికి, సగం పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడానికి. గిరాకీ తగ్గాక భూలక్ష్మికి ఆమె ఫొటోనే ఫోన్‌లో చూపించింది.

"మంచిగ పడ్డదే! చెయ్యి జూడు, తట్టుడు కనవడుతుంది. సాయిలన్న మొనగాడే. గిది తీసి, ఒక రొట్టె తిని, స్కూటర్ ఎక్కి పోయిండు." భూలక్ష్మి ఫోన్‌ను కళ్ళ దగ్గరకు తీసుకుంది. "అగో, ఎనక నీలి బస్సు గూడ పడ్డది."

"ఏ బస్సు?"

"కోకాపేట కెల్లి వచ్చే కంపెనీ బస్సు. ఆరుంబావుకు వస్తది. గప్పటికి పది రొట్టెలు చేసి పెడత, దిగుడు దిగుడే తింటరు. అందరికీ షుగరే పాపం. సాఫ్ట్‌వేరోళ్ళకు షుగరొచ్చినంకనే నాకు గిరాకొచ్చింది."

జ్యోత్స్న ఫొటో వివరాలు తెరిచింది. "ఇందుల ఆరూ ఇరవై ఏడు అని ఉందక్కా."

"ఆరూ ఇరవై ఏడుకు వాళ్ళు తిని మూతులు గూడ తుడుసుకుంటరు. బస్సు ఏడుంటది?"

జ్యోత్స్న చేతిలోని రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆరుంబావు, ఆరూ ఇరవై ఏడు. పన్నెండు నిమిషాలు. ఎడమ చేత్తో ఫోన్‌లో సాయిలు నడిచిన దారి తెరిచి, ఆ రోజు ఆరుంబావుకు ఎక్కడున్నాడో చూసింది. గీత మీద చుక్క ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉంది. ఆరూ ఇరవై ఏడుకు చూసింది. ఫ్లైఓవర్ నడిమధ్యన, స్కూటర్ మీద బాలానగర్ ఇంటికి పోతున్నాడు.

కెమెరా టైము ముందుకుంది. అందుకే ప్రతి బండీ పన్నెండు నిమిషాలు సాయిలు వెంట నడిచింది. ఆఖరున తీసిన వాళ్ళు ఆయనతో పాటు ఇంటిదారి పట్టారు.

"అక్కా, దొరికింది!" అని అరిచింది. పానీపూరి దగ్గరి వాళ్ళు ఇటు తిరిగి చూశారు.

గురువారం పొద్దున యజ్ఞనారాయణగారు అంతా విని, పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"బస్సా అమ్మా సాక్ష్యం? మా శాఖలో రాయిని సాక్ష్యంగా తీసుకున్నాం, చెట్టుని తీసుకున్నాం, వాగుని తీసుకున్నాం. అవి ఉన్నచోట ఉంటాయి. బస్సుని తీసుకున్నట్టు నాకు గుర్తులేదండి."

"మీరొకసారి వచ్చి చూడండి సార్."

ఆయన కాస్త ఆలోచించారు. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టాక ఆ చోటు చూడటానికి వెళ్ళడం ముప్ఫై నాలుగేళ్ళలో ఎన్నిసార్లు జరిగిందో ఏమో. "పదండి, చూద్దాం. ఆ ఫొటోగ్రాఫరు గారిని కూడా రమ్మను, కెమెరాతో," అన్నారు.

సాయంత్రం ఆరింటికి వాళ్ళు వెళ్ళేసరికి సాయిలు అప్పటికే అక్కడున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కెమెరా, చేతికి స్టీలు పట్టీ వాచీ. జ్యోత్స్న నమస్తే పెడితే ముఖం చూడకుండా తలూపాడు. యజ్ఞనారాయణగారు బండి పక్కన, సరిహద్దు రాయి పాతించే మనిషిలా నిటారుగా నిలబడి ఫోన్‌లో టైము చూస్తున్నారు.

ఆరుంబావు అయింది. బస్సు రాలేదు.

ఆరూ పదిహేడు. భూలక్ష్మి పది రొట్టెలు పేర్చి గుడ్డ కప్పింది. ఆరూ పద్దెనిమిది. జ్యోత్స్న మలుపు దాకా వెళ్ళి తొంగిచూసి వచ్చింది. "వస్తది, వస్తది. ఎన్నడు లేటు కాలే," అంది భూలక్ష్మి, ఈసారి గొంతులో అంత ధీమా లేదు. ఆరూ ఇరవై ఒకటికి నీలి బస్సు ఊగుతూ వచ్చి ఆగింది.

"ఏందివయ్యా, ఇయ్యాలనే లేటు కావాల్నా?" అని భూలక్ష్మి డ్రైవరు మీదకు లేచింది. కోకాపేట దగ్గర లారీ అడ్డం పడిందని అతను ఏడుపు ముఖం పెట్టాడు.

"అదే నేను చెప్పేది," అన్నారు యజ్ఞనారాయణగారు మెల్లగా. ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు. "ఇవాళ ఆరు నిమిషాలు. ఆ రోజు పన్నెండు అయి ఉండొచ్చు కదమ్మా. ఇది రాసి పంపితే నవ్వుతారు."

"బస్సులను నమ్మి మనుషులను అనుమానించినవ్ బిడ్డా," అన్నాడు సాయిలు. కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

జ్యోత్స్న భూలక్ష్మి వైపు చూసింది. భూలక్ష్మి ఇంకో ముద్ద పీట మీద వేసుకుంది. అడగకూడదనుకున్నది అడగక తప్పేట్టు లేదు.

"సాయిలన్నా, ఇగ నీ టైము గురించి అడగను. ఒక్క ఫొటో తియ్యి, అంతే. నా ఫోన్‌ది." ఫోన్ తెర మీద గడియారం పెద్దగా వచ్చేలా పెట్టి పట్టుకుంది. ఆరూ ఇరవై మూడు.

సాయిలు నిట్టూర్చి, కెమెరా ఎత్తి, అంత చిన్న పనికీ కాళ్ళు సర్దుకుని, ఊపిరి బిగబట్టి క్లిక్‌మనిపించాడు. వెనక తెర మీద ఫొటో వచ్చింది. దాని కింద కెమెరా వేసిన టైము, ఆరూ ముప్పై అయిదు. సాయిలు వెంటనే తన వాచీని దాని పక్కన పెట్టి అందరికీ చూపించాడు.

"చూడుండ్రి సారు! నా వాచీల ఆరూ ముప్పై అయిదు, నా కెమెరాల ఆరూ ముప్పై అయిదు. ఒక్క నిమిషం ఫరక్ లేదు. నా రెండు సరిగ్గున్నయి. ఇగ మాట్లాడుండ్రి."

జ్యోత్స్న ఫోన్ వంక, వాచీ వంక మార్చి మార్చి చూసింది. ఫోన్ తప్పు, వాచీ ఒప్పు అనే మనిషికి ఏం చెప్పాలి? యజ్ఞనారాయణగారు తన ఫోన్‌లో టైము ఇంకోసారి చూసుకున్నారు.

భూలక్ష్మి తల ఎత్తకుండా రొట్టె తడుతూనే అంది. "గది సరేగని సాయిలన్నా, ఇప్పుడు టైమెంతైంది?"

సాయిలు వాచీ చూసి, "ఆరూ ఇరవై మూడు," అన్నాడు.

రొట్టె తట్టే చప్పుడు ఆగింది.

సాయిలు ఇంకోసారి వాచీ చూశాడు. పెదాలు కదిలాయి. కెమెరా చూశాడు. నెమ్మదిగా వెళ్ళి బండి పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"మా నాయిన పెట్టిండు," అన్నాడు. "బాలానగర్ల, గోడ గడియారం. కంపెనీ గేటు ఎనిమిదింటికి మూసేటోళ్ళు. పన్నెండు నిమిషాలు ముందు పెట్టుకుంటె ఎన్నడు గేటు బయట నిలబడం అని. నాయిన పోయిండు, గేటు పోయింది, గడియారం ఎవ్వలం ముట్టలే. ఇంట్ల పిల్లలు గూడ పన్నెండు తీసేసే చూస్తరు. వాచీ దాన్ని చూసే పెట్టుకుంట. కెమెరాకు బ్యాటరీ మార్చినంక గూడ దాన్ని చూసే పెట్టిన." కెమెరా మీద అరచెయ్యి వేశాడు. "దీనికి తీసేసుకునుడు తెల్వది గద."

ముందు నవ్వింది యజ్ఞనారాయణగారు. ఆఫీసులో ఎవరూ చూడని నవ్వు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. తర్వాత తన ఎడమ చెయ్యి చాచి వాచీ చూపించారు.

"నాది అయిదు నిమిషాలు ముందండి. మా ఆవిడ భ్రమరాంబ పెట్టింది, నేను ఆఫీసు బస్సు తప్పిపోతున్నానని. రిటైరై నాలుగేళ్ళయింది."

"అందుకే ఫోన్ చూసిన్రా సార్, ఇందాకటి నుంచి?" అంది జ్యోత్స్న.

"మరి? సాక్ష్యానికి వచ్చి దొంగ వాచీ చూస్తానా?"

ఇక సాయిలూ నవ్వక తప్పలేదు. సిగ్గుపడుతూ, తల గోక్కుంటూ నవ్వాడు. "నీ మీద ఊకెనే గరమైన బిడ్డా," అన్నాడు. "అయ్యో, ఏం కాదన్నా," అంది జ్యోత్స్న. అనేశాక గానీ రెండు రోజులుగా ఆయన కోపం ఎంత బరువుగా ఉందో ఆమెకు తెలియలేదు. ఎంతో తేలికనిపించింది.

యజ్ఞనారాయణగారు ఆ ఫొటోనూ, దాని కింది టైమునూ రెండుసార్లు చూసి, ఇది రాయి లాంటి సాక్ష్యమేనన్నారు. భూలక్ష్మి ప్లేటు అందిస్తే, మాకు అన్నమే అలవాటండి అని వెనక్కి జరిగారు. "ఒక్కటి తినుండ్రి సారు, రికార్డుల రాయకుండ్రి," అంది ఆమె. ఆయన మొదటిది మొహమాటానికి తిన్నారు, రెండోది తనే అడిగారు, మూడోది చేయడానికి పిండి చాలుతుందా అని ముందే కనుక్కున్నారు.

శుక్రవారం సాయిలు తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదీ నలభై అయిదుకే ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. జ్యోత్స్న పక్కన కుర్చీ వేసింది. ఫొటోలన్నీ ఒక్కసారి పట్టుకుని, టైము మార్చే గడిలో మైనస్ పన్నెండు అని కొట్టింది.

"నువ్వు నొక్కు సాయిలన్నా."

ఆయన కెమెరా మీట నొక్కినంత జాగ్రత్తగా నొక్కాడు. మ్యాప్ మీద నలభై ఒక్క పిన్నులూ ఒక్కసారి కదిలాయి. పానీపూరి దగ్గరి నుంచి మిర్చీబజ్జీలు తమ చోటికి వచ్చాయి, బజ్జీల దగ్గరి నుంచి మొబైల్ కవర్లు జరిగాయి, కవర్ల చోటు నుంచి బోండాలు. బాలానగర్ దారిలో పోతున్నవి వెనుదిరిగాయి. పెట్రోలు బంకులోది బయటికి వచ్చింది. ముప్పై ఎనిమిదో నంబరు ఫ్లైఓవర్ దిగి, సందు తిరిగి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆగింది.

"ఇంటికొచ్చింది," అన్నాడు సాయిలు.

జ్యోత్స్న వెంటనే సంతకాలు చేయలేదు. పేజీలు చంకన పెట్టుకుని సందుకు వెళ్ళింది. బండ్లు పెట్టినవాళ్ళు పెట్టారు, పెట్టనివాళ్ళు ఫోన్ చేస్తే వచ్చారు. ఒక్కొక్కరినీ వాళ్ళ చోట నిలబెట్టి, కుడిపక్క ఎవరు, ఎడమపక్క ఎవరు అని అడిగి, పేజీతో కలిపి చూసుకుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. కొబ్బరి బోండాలాయన బలవంతాన ఒక బోండాం తాగించాడు. నలభై ఒకటీ చూశాక, ఆయన బండి చెక్క మీదే పేజీలు పెట్టుకుని సంతకాలు చేసింది. ఈసారి గుండ్రంగా రాలేదు. మూడున్నరకు యజ్ఞనారాయణగారు అభ్యంతరం పంపించారు. అందులో బస్సు ప్రస్తావన లేదు, గోడ గడియారం ప్రస్తావన మాత్రం ఒక పేరా ఉంది.

శనివారం సాయంత్రానికి జవాబు వచ్చింది. పదకొండు పేర్లూ తిరిగి చేర్చారు, నలభై ఒక్క చోట్లూ సరిదిద్దారు. యజ్ఞనారాయణగారు కొత్త జాబితా మ్యాప్‌తో సహా అచ్చు తీయించి, ఎర్ర పెన్ను సొరుగులో పెట్టి, "నువ్వే తీసుకెళ్ళి ఇవ్వమ్మా," అన్నారు.

జ్యోత్స్న వెళ్ళేసరికి సాయిలు స్టూలు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. గోడ గడియారం ముట్టుకోలేదట, నాయిన పెట్టింది కాబట్టి. కెమెరాది మాత్రం ఫోన్ చూసి సరిచేశాడట.

"పరేషానేందంటే బిడ్డా, ఇప్పుడు దీన్ని చూసి గూడ పన్నెండు తీసేస్తున్న," అన్నాడు. "పొద్దున ఒకరి నామకరణానికి పన్నెండు నిమిషాలు లేటు పోయిన. ముప్పై ఒక్క ఏండ్లల్ల మొదటిసారి. వాళ్ళే ఇంకా లేవలే."

నీలి బస్సు వచ్చి ఆగింది. జ్యోత్స్న అలవాటుగా ఫోన్ చూసింది, ఆరుంబావు. దిగినవాళ్ళంతా బండి చుట్టూ మూగారు. భూలక్ష్మి రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. కాగితం అందుకోవడానికి వీల్లేక మెడ చాచి చూసింది. అక్షరాలు ఆమెకు రావు. మ్యాప్ మీద గీతలు, వాటి పక్కన చుక్కలు.

"ఇండ్ల నేను ఏడున్న బిడ్డా?"

జ్యోత్స్న ఆ చుక్క మీద వేలు పెట్టి చూపించింది.

"ఉన్నకాడ్నే ఉన్నవక్కా."

భూలక్ష్మి ఆ చుక్కను చూసింది. పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను చూసింది. మళ్ళీ చుక్కను చూసి, కళ్ళు మోచేత్తో తుడుచుకుని, చేతిలో ఆగిన రొట్టెను తట్టడం మొదలుపెట్టింది.